కొండ కింద ఇల్లు కట్టుకుంటే చల్లటి ఉదయాలు దొరుకుతాయా? ఉదయగిరి వైపు మా అనుభవం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. ఉదయగిరి వైపు వెలిగొండల కింద, అడవి అంచున రెండెకరాలు చూసుకున్నారు. చిన్న ఇల్లు కట్టుకుని, రెండు ఆవులు, నాలుగు కోళ్లు పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ అక్కడే ఉండిపోవాలని ఆలోచన. "తెల్లవారి వరండాలో కూర్చుని చల్లగాలిలో కాఫీ తాగాలన్నదే అసలు కోరిక, నెల్లూరు జిల్లా ఎండల్లో అది అయ్యే పనేనా, ఏడాదిలో ఎన్ని నెలలు?" అని అడిగారు.

అయ్యే పనే. దుప్పటి కప్పుకుని కూర్చునేంత చల్లటి ఉదయాలు కార్తీకం చివర్నుంచి శివరాత్రి దాకా, అంటే సుమారు మూడు నెలలు వాటంతట అవే వస్తాయి. మిగతా తొమ్మిది నెలలు ఆ చల్లదనం కొంత మీరు కట్టే ఇంటి మీద, కొంత ముందురోజు సాయంత్రం మీరు చేసే పని మీద ఆధారపడి ఉంటుంది. మీరు వాతావరణం గురించి అడిగారు గానీ నా సమాధానం ఎక్కువగా ఈ రెండింటి గురించే ఉంటుంది.

నేనెవరంటే, మద్రాసులో ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లలో ఉండి, 2013లో మా ఆయనతో కలిసి ఇటు వచ్చేసినదాన్ని. మూడెకరాల పట్టా పొలం, అందులో ఎకరం నిమ్మతోట. అడవి మా కంచెకు రెండు పొలాల అవతల మొదలవుతుంది. వచ్చిన కొత్తలో చేయాల్సిన తప్పులన్నీ చేశాం. వాటిలో కొన్నింటికి డబ్బు పోయింది, కొన్నింటికి నిద్ర పోయింది.

ముందు కాలాల సంగతి. మా వైపు మృగశిర కార్తె రాగానే చల్లబడిపోతుందని అనుకోకండి. జూన్, జులైల్లో పడమటి గాలి కొండ దాటి వేడిగా, పొడిగా వీస్తుంది. దుమ్ము తప్ప చినుకు తక్కువ. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ నెలల్లో ఉదయాలు చల్లగానే ఉంటాయి గానీ కాఫీ తాగే చలి కాదది, గోనెసంచి నెత్తిన కప్పుకుని కోళ్లగూడు చూసుకునే చలి. తుపాను పట్టిందంటే బొగ్గేరు, దానిలో కలిసే వాగులు పొంగి రెండు రోజులు రోడ్డు తెగుతుంది. ఆ రెండు రోజులకి సరిపడా బియ్యం, పప్పు, కాఫీ పొడి ముందే ఇంట్లో ఉండాలి.

కార్తీకం పోయాక, వాన తెరిపిచ్చిన రోజుల్లో మొదలవుతుంది మీరు కోరుకునే ఉదయం. మా వరండా స్తంభానికి ఒక థర్మామీటరు వేలాడుతోంది. జనవరిలో తెల్లవారుజామున 16, 17 డిగ్రీలు చూపిస్తుంది. కొండ ప్రాంతాల వాళ్లు నవ్వొచ్చు గానీ, మే నెలలో 43 చూసిన ఒంటికి 16 అంటే వణుకే. మాఘంలో మాకులు కూడా వణుకుతాయని మా అత్తగారు అనేవారు. జనవరి, ఫిబ్రవరిల్లో నిమ్మ పూతకొస్తుంది. గాలి కదలని ఉదయం తోటలోకి వెళ్తే ఆ వాసన నేలకు ఆనుకుని నిలబడి ఉంటుంది. అది మాత్రం ఏ నగరంలోనూ దొరకదు, నేను హామీ.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక మార్చిలో కూడా తెల్లవారుజామున హాయిగానే ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఆ హాయి కుంచించుకుపోతుంది. మే నెలలో మీకు మిగిలేది నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా ఒక్క గంట. అప్పటికీ థర్మామీటరు 28 దగ్గరే ఉంటుంది, కానీ పగటితో పోలిస్తే అది చల్లదనమే. పొద్దు పొడిచే ముందే రోజులో అన్నింటికంటే చల్లగా ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా నేల వేడిని వదులుతూనే ఉంటుంది. జనవరిలో ఇక్కడ పొద్దు 6.40 ప్రాంతంలో పొడుస్తుంది, జూన్ మొదట్లో 5.45కే వచ్చేస్తుంది. అంటే ఎండాకాలంలో ఏడింటికి లేచేవాళ్లకి ఉదయం అనేదే ఉండదు. మీరు పదకొండింటికి పడుకునే మనిషైతే ముందు ఆ అలవాటు మార్చుకోండి, పొలం తర్వాత కొనొచ్చు.

ఇక ఇల్లు. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మేం పోగొట్టుకున్నది ఇక్కడే.

ఊళ్లో అందరూ చెప్పినట్టే తూర్పు ముఖం పెట్టి, తూర్పున పెద్ద వరండా వేసి, పైన కాంక్రీటు స్లాబు పోశాం. గృహప్రవేశం ఫిబ్రవరిలో. మొదటి నెల స్వర్గం. ఏప్రిల్ వచ్చేసరికి ఆరున్నరకే ఎండ సూటిగా మొహం మీద. మన కొండలు పడమట ఉన్నాయి కదా, మా పొలం వాటికి తూర్పు పక్కన. పొద్దున సూర్యుడికి అడ్డం ఏమీ లేదు. దూరంగా సముద్రం దాకా చదునే. కొండ నీడ మాకు సాయంత్రం అయిదింటికే వచ్చేస్తుంది, అది వరమే, కానీ ఉదయానికి అది పనికిరాదు.

ఒకరోజు కొట్టం శుభ్రం చేసి విసుగుతో ఇంటి వెనక, పడమటి గోడ కింద రాయి మీద కూలబడ్డాను. తొమ్మిదిన్నర అయింది. ఇంటి నీడ ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా కొండ. మొదటి ఎండ దాని నెత్తిన పడి ఒక్కో బండా కిందికి వెలుగు దిగుతూ రావడం రోజూ జరుగుతోంది, నేను ముందు వరండాలో కళ్లు చికిలించుకుంటూ కూర్చుని దాన్ని చూడనే లేదు. ఊరి పేరే ఉదయగిరి, ఉదయం చూడాలంటే గిరి వైపు తిరగాలని నాకు ఏడాదికి గానీ తెలియలేదు!

కాబట్టి మీ పొలం కొండకు తూర్పున ఉంటే, కూర్చునే అరుగు పడమట, ఇంటి వెనక వేయండి. సింహద్వారం తూర్పుకే పెట్టుకోండి, వాస్తుతో నాకు పేచీ లేదు. ద్వారం ఎటున్నా కుర్చీ ఎటైనా వేసుకోవచ్చు. ఉత్తరం మేలు కదా అని కొందరంటారు. చలికాలంలో సరే. కానీ ఎండాకాలంలో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి పొడుస్తాడు, మే నెలలో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఉత్తరపు అరుగు మీదికి పొద్దున్నే ఎండ ఏటవాలుగా వచ్చేస్తుంది.

తూర్పు వరండా మాత్రం పూర్తిగా దండగ అనను. జనవరిలో చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ ఎండే కావాలనిపిస్తుంది. అందుకే మేమిప్పుడు సంక్రాంతికి తూర్పున, ఉగాదికి పడమట అన్నట్టు నవారు మంచం మోసుకుని తిరుగుతుంటాం.

పడమటి వైపుకి ఒక చిక్కుంది. మధ్యాహ్నం ఎండంతా ఆ గోడే తాగుతుంది. అందుకు గోడకి ఆనించి తాటాకు పందిరి వేసి, దాని మీదికి చిక్కుడు, సొర పాకించాం. పది అడుగుల దూరంలో రెండు కానుగలు, ఒక వేప. కానుగ, వేప రెండూ మార్చి, ఏప్రిల్‌లో కొత్త చిగురు వేసి ఎండ ముదిరే వేళకి నిండా ఆకుతో ఉంటాయి, సరిగ్గా మనకి కావాల్సిన టైముకి. త్వరగా నీడ వస్తుందని పక్కవాళ్లెవరో చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, పెంచుకోమన్నారు. వద్దు. పొయ్యిలోకి మంచిదే గానీ ఒకసారి చోటిస్తే పొలమంతా అదే.

స్లాబు గురించి. కాంక్రీటు పగలంతా వేడి మింగి రాత్రి గదిలోకి కక్కుతుంది. మే నెలలో మా స్లాబు గది రాత్రి రెండింటికి కూడా పొయ్యి మీద పెనంలా ఉండేది. సరిగా నిద్ర లేనివాడు తెల్లవారి చల్లగాలిని ఏం అనుభవిస్తాడు? రేకుల షెడ్డు దీనికి ఉల్టా, రాత్రి తొందరగా చల్లారిపోతుంది, చలికాలంలో తెల్లారేసరికి లోపలి నుంచి మంచునీళ్లు కారతాయి కూడా. కానీ ఎనిమిదింటికల్లా కొలిమి. నా ఓటు పెంకుటింటికి. బడ్జెట్ ఉంటే, తుపానుకి తల దాచుకోవడానికి, సామాన్లకి ఒక్క స్లాబు గది వేసుకుని, పడుకునేది మాత్రం పెంకుల కింద పెట్టుకోండి. మాలాగా స్లాబు పోసేసినవాళ్లు ఏటా మార్చిలో పైన తెల్లగా సున్నం కొట్టించండి. చాలా తేడా తెలుస్తుంది.

ఇంకొకటి, ఇంటి చుట్టూ నాపరాళ్లు, సిమెంటు పరిచేయకండి. ఎవరైనా మేస్త్రీ శుభ్రంగా ఉంటుందని చెప్తాడు. నేల నేలలాగే ఉంటే సూర్యుడు వాలగానే చల్లారుతుంది. సాయంత్రం రెండు బకెట్ల నీళ్లు చల్లితే చాలు, తెల్లవారి ఆ వాకిలి మీద వట్టి కాళ్లతో నడవొచ్చు.

ఇప్పుడు గాలి. రాత్రిపూట కొండ మీద గాలి చల్లబడి బరువెక్కి నెమ్మదిగా కిందికి జారుతుంది. మా దగ్గర పడమట నుంచి తూర్పుకి. అగరొత్తి వెలిగించి చూస్తే తెలుస్తుంది, రాత్రిపూట పొగ తూర్పుకే వంగుతుంది. దీన్నిబట్టి పశువుల కొట్టం, పేడదిబ్బ, వంటపొయ్యి ఇంటికి తూర్పు వైపున ఉండాలి. మొదట మా కొట్టం పడమట ఉండేది. ఉదయం కాఫీ వాసన కంటే పేడ వాసన ముందొచ్చేది. ఆగ్నేయంలో వంటిల్లు అన్న పాత మాట ఇక్కడ గాలితో కూడా కుదిరింది, అందుకు సంతోషం. మీ పొలం కొండకు ఇంకో పక్కన ఉంటే దిక్కులన్నీ తిరగేసుకోవాలి, గుడ్డిగా నా మాట పాటించకండి. కొనే ముందు ఒక రాత్రి అక్కడ పడుకుని అగరొత్తి వెలిగించి చూడండి.

పల్లంలో ఇల్లు వద్దు. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి చేరుతుంది నిజమే, జనవరిలో మా పల్లపు చేను గట్టు కంటే రెండు డిగ్రీలు తక్కువ ఉంటుంది. కానీ మంచు, దోమ, వానాకాలం నీళ్లు అన్నీ అక్కడికే చేరతాయి.

సరే, ఆవుల సంగతికొద్దాం. అడిగారు కాబట్టి కుండబద్దలు కొట్టినట్టు చెప్తాను. పాడి పశువు ఉన్న ఇంట్లో రోజులోని ఆ చల్లటి గంట దానిదే. పాలబండి మా రోడ్డు మీదికి ఆరింటికి వస్తుంది. అంటే అయిదింటికి పొదుగు కడగాలి, అంతకుముందు పేడ తీయాలి, దూడని వదలాలి, మళ్లీ కట్టేయాలి. ఇదంతా అయ్యేసరికి ఎండాకాలంలో మీ ఉదయం అయిపోయింది. ఒంగోలు జాతి ఆవు మన గడ్డది, ఎండకి తట్టుకుంటుంది, చూడ్డానికి గుడి ముందు నందిలా ఉంటుంది, కానీ పాలు తక్కువ. పాలకోసం సంకరజాతి ఆవుని తెస్తే దానికి ఎండ పడదు, మీరు నీడలో కూర్చునే బదులు దానికి నీడ వేస్తూ తిరగాలి.

మొదటి ఏడాది పాడి వద్దు. కోళ్లతో మొదలుపెట్టండి. గూడు తలుపు సాయంత్రం వేయడం మర్చిపోతే ముంగిసకి విందు, అంతకుమించి పెద్ద చాకిరీ లేదు. ఆ తర్వాత పశువు కావాలనిపిస్తే గొర్రెల్ని ఆలోచించండి. నెల్లూరు గొర్రె ఎత్తుగా, బొచ్చు లేకుండా ఉంటుంది, జోడిపి, పల్ల, డోర అని రకాలు. గొర్రెల్ని మంచు ఆరేదాకా మేతకి వదలరు, తడి గడ్డి కొసల మీద పురుగు పిల్లలు ఉంటాయి, అవి కడుపులోకి పోతే జబ్బు. కాబట్టి తొమ్మిదింటిదాకా గొర్రెలాయనకి తీరికే. మా పక్క పొలం పెద్దాయన రోజూ ఆ వేళకి బీడీ కాల్చుకుంటూ మా గట్టు మీద కూర్చుని నా పరుగులు చూసి నవ్వుతుంటాడు. "ఏందమ్మా, మద్రాసులో ఆఫీసుకి ఇంత ఉరికేదానివా?" అంటాడు.

ఇక్కడ మీ ప్రశ్నలో నాకు పట్టుకున్న మాట ఒకటుంది. "వరండాలో కూర్చుంటే చేతికి కాఫీ" అని రాశారు. ఆ చేతికి ఇచ్చేది ఎవరు? మొదటి రెండేళ్లు మా ఇంట్లో ఇదే కథ. మా ఆయన దుప్పటి కప్పుకుని "ఎంత హాయిగా ఉందో చూడు" అనేవాడు. నేను లోపల తడికట్టెలు ఊదుతూ ఉండేదాన్ని. ఒకరోజు గొట్టం కింద పడేసి బయటికొచ్చి "ఆ హాయి ఏదో లోపలికొచ్చి నువ్వూ కాస్త ఊదు" అన్నాను. ఆ రోజు గొడవైంది, దాచుకునేదేముంది. మర్నాటి నుంచి వంతులు. ఒకరోజు పాలు ఆయన, పొయ్యి నేను. మర్నాడు తారుమారు. వారానికి ఒకరోజు, మాకైతే ఆదివారం, ఇద్దరం కలిసి గంటలో పని ముగించి కూర్చుంటాం. ఈ ఏర్పాటు మీ ఆవిడతో బెంగళూరులోనే మాట్లాడుకుని రండి. ఊరొదిలి వచ్చాక ఈ గొడవ పడితే పుట్టింటికి వెళ్లడానికి బస్సు కూడా రోజుకి రెండే.

ముందురోజు సాయంత్రం అన్నాను కదా, అదేమిటంటే: చీకటి పడేలోపు తొట్టి నిండాలి, గడ్డి కోసి కొట్టంలో పడాలి, కట్టెలు లోపలికి చేరాలి, గిన్నెలు కడిగి బోర్లించి ఉండాలి, టార్చ్ లైటు, చెప్పులు మంచం పక్కన ఉండాలి. త్రీఫేజు కరెంటు ఏ వేళకి వస్తుందో దాన్నిబట్టి తొట్టి నింపుకోవాలి. తెల్లారి నీళ్ల కోసం మోటారు దగ్గరికి వెళ్లామంటే ఆ ఉదయం పోయినట్టే, ఏదో ఒక వైరు తెగే ఉంటుంది. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పెట్టుకుంటే పొద్దున టిఫిను గోల లేదు. చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ముందురోజు చేపల పులుసు మిగిలిందా, ఇక చెప్పేదేముంది.

ఇంత రాశాక భయపెట్టే సంగతులు కూడా చెప్పకపోతే తప్పు.

మా కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. చెదపుట్టల కోసం, రేగుపండ్ల కోసం, నేరేడు కాలంలో నేరేడు కోసం కిందికి వస్తాయి. అవి తిరిగే వేళ సరిగ్గా మీరు నడకకి వెళ్లాలనుకునే వేళే. బాగా తెల్లారేదాకా అడవి అంచుకి వెళ్లకండి. వెళ్లినా గట్టిగా మాట్లాడుకుంటూ, కర్ర తాటిస్తూ వెళ్లండి. ఎలుగు కావాలని వెంటపడదు, హఠాత్తుగా ఎదురైతేనే మీద పడుతుంది. మరుగుదొడ్డి ఇంటి లోపలే ఉండాలి, ఈ విషయంలో పొదుపు వద్దు. అడవి పందుల కోసం కంచెకి నేరుగా కరెంటు పెట్టే పని మాత్రం చేయకండి. నేరం, పైగా తెల్లవారుజామున చీకట్లో ఆ తీగ మీద చెయ్యి పడేది పందిది కాకపోవచ్చు.

పాములు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. అందుకే ఎంత ఉక్కగా ఉన్నా నేల మీద పడుకోవద్దు, మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. రక్తపింజర గడ్డిలో, కట్టెల మోపు కింద ఉంటుంది. తెల్లవారి కట్టెలకని చెయ్యి పెట్టేది అక్కడే, సాయంత్రమే తెచ్చుకోమన్నది అందుకు కూడా. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం ఏమీ వద్దు. ఆ కాలు చెయ్యి కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. మీ పొలానికి దగ్గర్లో అది ఎక్కడ దొరుకుతుందో కొనకముందే కనుక్కుని, రాత్రిపూట అక్కడికి ఎంతసేపు పడుతుందో ఒకసారి బండి మీద వెళ్లి చూసుకోండి. మా ఆయనకి తేలు కుట్టిన రోజు ఈ లెక్క తెలియక దారి వెతుక్కుంటూ గంట పోగొట్టాం.

డిసెంబరు, జనవరిల్లో కంచె మీద దూలగొండి కాయలు ఎండుతాయి. అందంగా వెల్వెట్‌లా ఉన్నాయని ముట్టుకుంటే ఆ రోజంతా గోక్కోవడమే. గాలికి నూగు ఎగిరి ఆరేసిన బట్టల మీద కూడా పడుతుంది. పూత దశలోనే పీకించేయండి.

నీళ్లు. మా మెట్ట మండలాల్లో చాలా బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. మరిగిస్తే పోతుందని మాకు బోరు వేసినాయన చెప్పాడు, మేం నమ్మి ఆరు నెలలు మరిగించి తాగాం. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. పరీక్ష చేయించి, తేడా ఉంటే తాగడానికి, కాఫీకి వాననీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెంకుల మీద పడిన నీళ్లు తొట్టిలోకి పడితే చాలాకాలం వస్తాయి.

పొలం కాగితాల గురించి రెండు ముక్కలే, అది వేరే పెద్ద సమాధానం. అడవి అంచు భూమి అనగానే అది సొంత పట్టానా, డీకేటీనా (అంటే ప్రభుత్వం పేదలకిచ్చినదా), అటవీశాఖ హద్దులో ఉందా చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన భూముల అమ్మకాలపై 1977 చట్టం ఉంది, తర్వాత సవరణలు వచ్చాయి, కాబట్టి బ్రోకరు మాట కాకుండా లాయరుకి చూపించండి. అడంగల్ (సాగు రికార్డు), 1బీ (యజమాని రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) నాలుగూ చూసి, సర్వే చేయించి, అటవీ హద్దురాళ్లు ఎక్కడున్నాయో కళ్లతో చూడండి. ఇటు అడవుల్లో ఎర్రచందనం ఉంది. ఎండుపుల్లే కదా అని అడవిలోంచి ఏదీ ఇంటికి తేకండి. ఇంటి పొయ్యిలోకే అన్నా వినేవాళ్లుండరు.

భయపెట్టానేమో. కానీ మానేయమని కాదు. ఈ ఉదయం కూడా పడమటి అరుగు మీద కూర్చునే ఇది సగం రాశాను. ముందు కౌజులు మొదలుపెడతాయి, తర్వాత నెమళ్లు, పొద్దు పొడిచాక జెముడుకాకి గుబగుబలు. ఎక్కడో తీతువు ఎవరినో తిడుతూ ఉంటుంది. కలివికోడి మాత్రం ఎప్పుడూ కనబడలేదు. లేనే లేదనుకున్న ఆ పిట్ట 1986లో మన కొండలకి అవతల, కడప వైపు లంకమల అడవిలో మళ్లీ దొరికింది. దాన్ని మొదట లోకానికి చెప్పిన జెర్డాన్ దొర నెల్లూరులో డాక్టరుగా పనిచేశాడట. అది రాత్రి తిరిగే పిట్ట, పైగా కలివి పొదల్లో. మా కంచె అవతల కలివి ఉంది కదా అని మా ఆయన ఇప్పటికీ అటు చెవి పెట్టి వింటూ ఉంటాడు. నేను నవ్వుతాను గానీ నేనూ వింటాను.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చేయండి. సంక్రాంతి సెలవుల్లో వచ్చి చూసి మురిసిపోకండి, అప్పుడు ఏ పొలమైనా బాగుంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అంటే మే ఆఖరి వారంలో ఇద్దరూ వచ్చి ఆ ఊళ్లో వారం ఉండండి. ఆ వారంలో నాలుగున్నరకి లేచిన గంట మీకు నచ్చితే కొనేయండి.

చివర్లో అడిగారు, కాఫీకి గ్యాసా, కట్టెల పొయ్యా అని. గ్యాసే. జనవరి ఉదయాల్లో గాలి కదలదు, పొగ పైకి లేవకుండా మంచం ఎత్తున పరుచుకుని ఉంటుంది, కట్టెలకి మంచు పట్టి ఉంటుంది. కట్టెల పొయ్యి మధ్యాహ్నం సంగటికి ఉంచుకోండి. సిలిండరు మాత్రం రెండోది ఎప్పుడూ నిండుగా పెట్టుకోండి, అడవి అంచుకి డెలివరీ బండి ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియదు.